శ్రద్ధామాపక కేంద్రం

మా విశ్వవిద్యాలయంలో పరిశోధనలకు ఏనాడూ కరువు లేదు. ఏటా నాలుగైదు వందల వ్యాసాలు పుడతాయి. రాసినవాళ్ళూ, దిద్దినవాళ్ళూ, బాగుందని సంతకం పెట్టినవాళ్ళూ వాటిని చదవరు. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడ ఉప గ్రంథపాలకుడిగా ఉన్న నేనూ ఒక్కటీ చదవలేదు. పెళ్ళిలో వంట చేసేవాడు పంక్తిలో కూర్చుంటాడా ఏమిటి?

ఆరేళ్ళ కిందట, ప్రజల పన్నులతో చేసిన పరిశోధన ప్రజలకే అందాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సరేనని వ్యాసాలన్నిటినీ ఇంటర్నెట్లో పెట్టేశాం. ఎవరైనా, ఎక్కణ్ణుంచైనా, ఉచితంగా చదువుకోవచ్చు. ఆ భాండాగారానికి కాపలా నేనే. తలుపులు బార్లా తీసి కూర్చుంటే ఒక్క ప్రాణీ రాలేదు. నాకు ఏ బాధా లేదు, హాయిగా ఉండేది.

ఆ హాయికి కాలం చెల్లింది మా వైస్ చాన్సలర్ గారు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చాక. ఎంత రాశారన్నది పాత లెక్క, ఎంతమంది శ్రద్ధగా చదివారన్నదే కొత్త లెక్క అని అక్కడ ఎవరో ఆయన చెవిన వేశారు. వారం తిరక్కుండా శ్రద్ధామాపక కేంద్రం వెలిసింది. దానికి డైరెక్టరు ఆచార్య త్రిలోచనం గారు. వృక్షశాస్త్రంలో పాఠాలు చెప్పడం మానేసి పన్నెండేళ్ళయింది కాబట్టి ఆయనకు తీరిక ఉంది. టీ కావాలన్నా ఫైలు భాషలోనే అడుగుతారు.

"పానకాలరావు గారూ, ఇందుమూలముగా మీకు తెలియజేయడమేమనగా, ఈనాటి నుంచి భాండాగారంలో ప్రతి వ్యాసానికీ శ్రద్ధాంకములు కేటాయించబడును. పాత లెక్కలు కూడా కలుపబడును. తెరిచినచో ఒకటి. దించుకున్నచో రెండు. బయట ఎవరైనా ప్రస్తావించినచో ఐదు" అన్నారు మొదటిరోజే.

"తిడితేనో సార్?" అన్నాను.

"తిట్టుటకు కూడా శ్రద్ధ కావలెను కదా!"

ఈ మాట సాయంత్రానికల్లా క్యాంపస్ అంతా పాకింది. మర్నాడు చరిత్ర శాఖలో ఇద్దరు ఆచార్యులు ఒప్పందం చేసుకుని ఫేస్‌బుక్కులో ఒకళ్ళ వ్యాసాన్ని ఒకళ్ళు చీల్చి చెండాడటం మొదలెట్టారు. పొద్దున్న క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర దోసెలు తినడం, పదింటికి గదుల్లోకి వెళ్ళి తిట్టుకోవడం. వారంలో ఇద్దరూ మొదటి పదిమందిలోకి చేరారు.

మొదటి పదిమంది అని ఎలా తెలిసిందంటారా? పరిపాలనా భవనం ముందు రైల్వే స్టేషన్లో పెట్టినట్టు ఎర్రక్షరాల బోర్డు పెట్టారు మరి. అందరి పేర్లూ, పక్కన అంకెలూ గంటగంటకీ మారుతుంటాయి. క్లాసులకు వెళ్ళని ఆచార్యులు కూడా ఆ బోర్డు దగ్గరికి మాత్రం పూటపూటా హాజరయ్యేవారు. మట్టి శాఖ అధిపతి గారు తన వ్యాసాలకు పేర్లు మార్చారు. 'నల్లరేగడి నేలల్లో సేంద్రియ కర్బన స్థాయి' అనేది 'ఈ మట్టిలో ఏముందో తెలిస్తే రాత్రికి నిద్రపట్టదు' అయింది. లోపల అదే మట్టి.

బోర్డులో అన్నిటికన్నా కింద, ఎప్పుడు చూసినా కదలకుండా ఒక పేరుండేది. డాక్టర్ దామర్ల హైమవతి, గృహవిజ్ఞాన శాఖ, శ్రద్ధాంకములు: మూడు. అంటే ఎవరో ఒకసారి తెరిచారు, ఒకసారి దించుకున్నారు. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. ప్రతి జూన్లోనూ పొడిగింపు కాగితం కోసం ఎదురుచూసే ఉద్యోగం. ఆమెది చీరాల దగ్గర నేతవాళ్ళ కుటుంబం. మగ్గం గుంటలో కాళ్ళుపెట్టి నేసీ నేసీ తండ్రికి యాభై దాటకుండానే మోకాళ్ళు పోయాయి. ఇంటికంతటికీ ఇప్పుడు ఆమె జీతమే ఆధారం. ఆమె రాసిన వ్యాసం పేరు 'గుంటమగ్గం కొలతలు – నేత కార్మికుల మోకాళ్ళ నొప్పి'. పైగా తెలుగులో రాసింది. తెలుగులో రాస్తే పైకి రావని అప్పుడే చెప్పాను, వినలేదు.

"అమ్మా, మీ క్లాసు పిల్లల్ని ఓ రెండొందలసార్లు తెరవమని చెప్పరాదూ? అందరూ చేస్తున్నదే కదా" అన్నాను ఒకరోజు.

"చెబితే తెరుస్తారండీ. తెరిచి ఏం చేసుకుంటారు? వాళ్ళ ఇళ్ళల్లో మగ్గాలున్నాయా?" అంది.

ఇలాంటివాళ్ళతో ఏం వేగుతాం! చెప్పడం నా ధర్మం, చెప్పాను, ఊరుకున్నాను.

శ్రద్ధ ఇంకా పెరగాలని త్రిలోచనం గారు కొత్త నిబంధన తెచ్చారు. నలభై వ్యాసాలు తెరిచిన రుజువు చూపిస్తేనే విద్యార్థికి హాల్ టికెట్. ఆ దెబ్బతో గేటు ఎదుట ఉన్న నెట్ సెంటరు వాడి పంట పండింది. 'జిరాక్స్, లామినేషన్, ప్రాజెక్టు బైండింగ్' అని ఉన్న బోర్డు కింద 'ఇచ్చట పరిశోధనలు చదివిపెట్టబడును' అని రాయించాడు. పిల్లలు హాల్ టికెట్ నంబరు ఇచ్చి సినిమాకు పోయేవారు, తిరిగొచ్చేసరికి నలభై అయిపోయేవి.

నెలాఖరున లెక్కలు చూసి త్రిలోచనం గారు గాభరా పడ్డారు. ఒక్కో వ్యాసం సగటున రెండు సెకన్లు మాత్రమే తెరిచి ఉంటోంది. "ఇది శ్రద్ధ కాదు, శ్రద్ధాభాసము" అని తేల్చి, ఇకమీదట వ్యాసం కనీసం ఇరవై నిమిషాలు తెరిచి ఉండవలెననీ, ఆ సేపూ మౌసు కదులుతూ ఉండవలెననీ సర్క్యులర్ జారీ చేశారు. కదలని మౌసు నిద్రపోతున్న పాఠకుడితో సమానమట. ఈ నిబంధనతో దొంగ పాఠకులందరూ ఏరివేయబడ్డారు. మిగిలిన అసలు పాఠకుల్లో ఒకడు మాత్రం మా అందరినీ నిర్ఘాంతపరిచాడు. వాడి ఖాతా నంబరు 1147. రోజుకు ఇరవై రెండు గంటలు చదువుతున్నాడు. కరెంటు పోయినప్పుడే విరామం. అన్నీ మట్టి శాఖ వ్యాసాలే.

"ఇటువంటి జిజ్ఞాసువు మన ప్రాంగణంలో ఉండి కూడా మనకు తెలియకపోవుట శోచనీయము" అన్నారు త్రిలోచనం గారు. కళ్ళు చెమర్చాయి కూడా. ఉత్తమ పాఠక పురస్కారం ప్రకటించి, ఆహ్వానాలు అచ్చువేయించి, సభకు ముందురోజు ఆ పాఠకుణ్ణి స్వయంగా పిలవడానికి నన్ను వెంటబెట్టుకుని మట్టి శాఖకు వెళ్ళారు.

ప్రయోగశాలలో మనిషి లేడు. కంప్యూటరు మీద వ్యాసం తెరిచి ఉంది. పక్కన స్టూలు మీద టేబుల్ ఫ్యాను అటూ ఇటూ తల తిప్పుతోంది. ఫ్యాను మెడకు పురికొస, పురికొస చివర మౌసు. ఫ్యాను అటు తిరిగితే మౌసు అటు, ఇటు తిరిగితే ఇటు. చూడముచ్చటగా చదువుతోంది.

త్రిలోచనం గారు ఫ్యాను చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. హమ్మయ్య, దీంతో ఈ గోల ముగిసిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన జేబులోంచి నిబంధనావళి తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"నిర్వచనము మూడు. పాఠకుడు అనగా, నిర్ణీత వ్యవధి మేరకు శ్రద్ధను నమోదు చేయు ఏదేని ఖాతా. ఇందులో మనిషి అయి ఉండవలెనని ఎక్కడా లేదు, పానకాలరావు గారూ."

"అయితే మాత్రం సార్, ఫ్యానుకు..."

"ఆహ్వానాలు అచ్చయినవి. వైస్ చాన్సలర్ గారి ప్రసంగ పాఠం ఆమోదించబడినది."

మర్నాడు ఫ్యానును వేదిక ఎక్కించారు. రెక్కల్లో చుట్టుకోకుండా ముందు స్విచ్ ఆపి, శాలువా కప్పి, జ్ఞాపిక ముందు పెట్టారు. నేటి యువత ఈ పాఠకుణ్ణి చూసి నేర్చుకోవాలన్నారు వైస్ చాన్సలర్ గారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, దాచడమెందుకు.

అదే సభలో ఆయన ఇంకో ప్రకటన చేశారు. శ్రద్ధాంకములు పది దాటని వ్యాసాలు విశ్వవిద్యాలయ ప్రతిష్ఠకు భంగకరం కాబట్టి వాటిని భాండాగారం నుంచి తొలగిస్తారు. వాటిని రాసినవాళ్ళు కాంట్రాక్టువాళ్ళయితే పొడిగింపు ఉండదు. మిగతావాళ్ళంతా ఏ ఫ్యానునో ఆశ్రయించి పది దాటేశారు. పదిలోపు మిగిలింది హైమవతి ఒక్కతే. సంజాయిషీకి గురువారం కమిటీ ముందుకు రమ్మని కాగితం ఇచ్చారు.

బుధవారం మధ్యాహ్నం గ్రంథాలయంలోకి ఒకాయన వచ్చాడు. అరవయ్యేళ్ళుంటాయి. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి. పేరు గుర్రం వీరరాఘవులు, చీరాల వైపు మనిషి, నేత పని. సంచిలోంచి మడతలుపెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు. జిరాక్సుకు జిరాక్సు, దానికి జిరాక్సు. బొమ్మ ఉన్నచోట అంతా నల్లగా మసి.

"అయ్యా, హైమమ్మ రాసిన దాంట్లో ఇది ఏడో కాయితమండి. గుంట కొలత ఇందులోనే ఉంది. మేం ఇది చూసే గుంటలు మార్చుకున్నాం గానీ లెక్క ఇప్పుడు సరిగ్గా గుర్తులా, కాయితంలో కనపడటంలా. మా మేనల్లుడు ఎల్లుండి కొత్త మగ్గం గుంట తవ్విస్తన్నాడు. మంచి కాపీ ఏమన్నా ఉంటే చూపిస్తారేమోనని బస్సెక్కి వచ్చా."

"ఇది మీకెక్కడిది?"

"మా సొసైటీ గుమస్తా ఏడాది కిందట నెట్లో నుంచి తీయించాడండి. ఆ ఒక్కటి పెట్టుకుని అందరం జిరాక్సులు తీయించుకున్నాం. మా పేటలో నూట అరవై మగ్గాలుంటే నూట అరవై ఇళ్ళల్లోనూ గోడకు ఉంటది. పక్కూళ్ళోళ్ళు కూడా పట్టుకుపోయారు."

నేను కంప్యూటరులో ఏడో పేజీ తెరిచాను. ఆయనకు చదివి వినిపించడం కోసం చదవాల్సివచ్చింది. ఏడో పేజీ అర్థం కావాలంటే ఆరోది కావాలి, దానికి ఐదోది కావాలి. అలా మొదటికి వెళ్ళి మొత్తం చదివాను. ఇరవై ఆరేళ్ళలో నేను చదివిన మొదటి పరిశోధన. గుంట లోతు అందరికీ ఒకటి కాదట. నేసే మనిషి మోకాలి నుంచి మడమ దాకా ఎంతో అంత, దాని మీద నాలుగు వేళ్ళు. పీట ముందుకు వంచి వేయాలి, తొక్కుడు చెక్కలు పాదం మధ్యకు రావాలి. అంతే. అది చెప్పడానికి ఆమె మూడేళ్ళు మూడొందల మంది మోకాళ్ళు కొలిచింది.

"పనిచేసిందా మరి?" అని అడిగాను.

"నేను రెండేళ్ళ కిందట మెట్లెక్కలేకపోయేవోణ్ణి. ఇయ్యాల మీ మేడ మీదకు ఎక్కి రాలా?" అన్నాడు వీరరాఘవులు.

నాకు ప్రాణం లేచివచ్చింది. మంచి కాపీ ఇచ్చి, ఆ రాత్రికి మా ఇంట్లోనే ఉంచి, గురువారం ఆయన్ని కమిటీ ముందుకు తీసుకెళ్ళాను. నూట అరవై ఇళ్ళ సాక్ష్యం ఉండగా ఆ అమ్మాయి ఉద్యోగం ఎవడు తీస్తాడో చూద్దామనుకున్నాను. హైమవతి ఆయన్ని చూసి "బాబాయ్, నువ్వెందుకొచ్చావ్?" అని కంగారుపడింది.

వీరరాఘవులు చెప్పిందంతా కమిటీ ఓపికగా వింది. త్రిలోచనం గారు కలం మూత తీశారు.

"మీ పాఠక ఖాతా నంబరు?"

"అట్టాంటివేం లేవండి. గోడకు ఉంటదండి."

"గోడపై నున్న శ్రద్ధను లెక్కించుటకు నిబంధనలలో వెసులుబాటు లేదు. ఇరవై నిమిషములు చదివితిరా?"

"అంత ఎందుకండి? ఒకపాలి చదివితే తెలిసిపోయింది. గుంట పూడ్చి మళ్ళీ తవ్వుకున్నాం."

త్రిలోచనం గారు కమిటీ సభ్యుల వైపు విచారంగా చూశారు. "గమనించితిరా? ఒక్కసారికే అర్థమగునట్లు వ్రాయుట వలన పాఠకుడు తిరిగి రాడు. ఇది శ్రద్ధకు గొడ్డలిపెట్టు. అదియును గాక, నూట అరవై మంది తెరువవలసిన వ్యాసమును ఒక్కరు తెరిచి జిరాక్సు తీసుకొనుట వలన విశ్వవిద్యాలయమునకు రావలసిన శ్రద్ధ దారి మళ్ళినది."

వీరరాఘవులుకు సగం అర్థమైంది. ఆ సగంతోనే లేచి చేతులు జోడించాడు.

"అయ్యా, తప్పు మాదండి. జిరాక్సులు తీయకూడదని మాకు తెల్వదు. ఎవరి సెల్లులో వాళ్ళు చూస్తే అమ్మాయికి మేలంటే అట్టాగే చూస్తాం. ఇప్పుడే పోయి అందరికీ చెప్తా. ఆమె పొట్ట కొట్టబాకండి."

"పరిశీలించబడును" అన్నారు త్రిలోచనం గారు.

శుక్రవారం ఉదయం పరిశీలన పూర్తయింది. పొడిగింపు లేదు, వ్యాసం తొలగించవలెను, తొలగింపు అమలు ఉప గ్రంథపాలకులు. హైమవతి బాకీ లేదన్న సంతకం కోసం నా దగ్గరికి వచ్చింది. గ్రంథాలయం పుస్తకాలు తొమ్మిదీ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. నేను తల ఎత్తకుండా సంతకం చేశాను.

"ఏడో పేజీలో బొమ్మ చూశారా అండీ? అది మా నాన్న మోకాలు. ఆయనకు నేను కొలత తీసేటప్పటికే ఆలస్యమైపోయింది" అంది.

ఆమె వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. మీట నొక్కకపోతే ఏమవుతుంది? నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది, మెమో వస్తుంది. అంతకన్నా ఏం లేదు. అయినా నొక్కాను. సిగ్గేసింది. ఆ తర్వాత యథాప్రకారం క్యాంటీనుకు వెళ్ళి టీ తాగాను.

సోమవారం ఉదయం పదకొండింటికి త్రిలోచనం గారు పరుగున వచ్చారు. ఆయన పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు.

"పానకాలరావు గారూ! అద్భుతము! ఒకే పుటను రెండు రోజులలో తొమ్మిది వేలసార్లు తెరిచినారు! అన్నియు వేర్వేరు ఫోన్ల నుంచి! మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ! ఒక్క ఫ్యాను లేదు, అందరూ మనుషులే!"

ఏ పుటో చూద్దును కదా, 'మీరు కోరిన పుట లభ్యము కాదు'. వ్యాసం తీసేశాక అక్కడ కనిపించే ఖాళీ పేజీ అది. వీరరాఘవులు మాట మీద నిలబడ్డాడు. ఎవరి సెల్లులో వాళ్ళు చూడాలి, లేకపోతే హైమమ్మ ఉద్యోగం పోతుందని ఊరూరా సొసైటీలకు కబురుపెట్టాడు. వాళ్ళంతా చూస్తున్నారు. పేజీ రాకపోతే తమ ఫోనులోనే లోపమనుకుని మళ్ళీ మళ్ళీ తెరుస్తున్నారు, ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుని కూర్చుంటున్నారు. ఉద్యోగం ఎప్పుడో పోయిందని వాళ్ళకు తెలియదు.

"సార్, ఇంతమంది అడుగుతున్నారు కదా, వ్యాసం మళ్ళీ పెట్టేద్దాం. ఆ అమ్మాయిని వెనక్కి పిలుద్దాం" అన్నాను.

"మతి ఉండియే మాట్లాడుచున్నారా? వ్యాసము పెట్టినచో ఈ పుట పోవును. పుట పోయినచో శ్రద్ధ పోవును. పైగా వారు ఒక్కసారి చదివి వెళ్ళిపోవుదురు!"

లభ్యము కాని పుటకు ఆ ఏడాది ఉత్తమ పరిశోధన పురస్కారం ఖాయమైంది. దానికి రచయిత ఎవరూ లేకపోవడం లోపంగా ఉందని, వైస్ చాన్సలర్ గారు పెద్దమనసుతో తమ పేరు పెట్టుకోవడానికి అంగీకరించారు. త్రిలోచనం గారు సహరచయిత. ఎర్రక్షరాల బోర్డులో ఇద్దరూ అగ్రస్థానం.

అయితే ఆ పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. 'సహాయమునకు: ఉప గ్రంథపాలకులు', పక్కన నా బల్ల మీది ఫోను నంబరు. ఆ మధ్యాహ్నమే మోగింది.

"సార్, ఉప్పాడ నుంచండి. ఆ మగ్గం కాయితం రాటల్లేదండి. మేస్త్రీ వచ్చి గునపం పట్టుకుని నిలబడ్డాడు. లోతు ఎంత పెట్టమంటారు?"

నేను చుట్టూ చూశాను. "నేసేవాళ్ళు ఎవరు? వాళ్ళ మోకాలి నుంచి మడమ దాకా కొలవండి. దాని మీద నాలుగు వేళ్ళు" అన్నాను. పీట సంగతీ చెక్కల సంగతీ చెప్పాను. ఇంకా అనుమానాలుంటే అడగమని హైమవతి నంబరు ఇచ్చాను. ఆ రోజు పద్నాలుగు మందికి చెప్పాను, మర్నాడు ముప్ఫై మందికి. చెప్పినకొద్దీ ఆ పుట తెరిచేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఫ్యాన్లు మాత్రం ఆగలేదు కాబట్టి, శుక్రవారానికి బోర్డు మీద వైస్ చాన్సలర్ గారు నాలుగో స్థానానికి పడిపోయారు.

శనివారం నాకు మెమో వచ్చింది. 'విశ్వవిద్యాలయమును ఆశ్రయించిన పాఠకులకు వారు కోరిన సమాచారమును నేరుగా తెలిపి, వారిని తృప్తిపరచి పంపివేసి, తద్వారా సంస్థకు రావలసిన శ్రద్ధకు తీవ్ర నష్టము కలిగించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.'

రెండుసార్లు చదివాను. నా మీద ఇంతకుముందు ఎప్పుడూ ఏ అభియోగమూ లేదు. ఇరవై ఆరేళ్ళకు, గ్రంథాలయంలో గ్రంథపాలకుడి పని చేశానని ఇదే మొదటి ఫిర్యాదు. 'నిజమే' అని రాసి సంతకం పెట్టి పంపించేశాను. ఈలోగా ఫోను మోగుతోంది.